కోతకు ఏ రోజు దిగాలి, పంట చూసి గర్వపడవచ్చా: ఒక పాత రైతు జవాబు

మీరు మూడు సంగతులు అడిగారు. పొలం మీ చేతికి వచ్చాక ఇదే తొలి కోత అనీ, చేను రంగు తిరిగిందనీ, ఆకాశం ఒకరోజు తెరిపిగా ఒకరోజు ముసురుగా ఉండటంతో ఏ రోజు కోతకు దిగాలో తేల్చుకోలేకపోతున్నారనీ రాశారు. పక్క చేలో హార్వెస్టర్ వెళ్లిన చోట నేల మీద గింజలు చూసి గుండె ఝల్లుమందనీ, ఎంత రాలితే సహించవచ్చనీ అడిగారు. చివరి వాక్యంలో, కాస్త సంకోచిస్తూనే, నాతో చదువుకున్నవాళ్లు ఉద్యోగాల గురించి చెప్పుకుంటుంటే నేను నా పంట చూసి గర్వపడటం అమాయకత్వమా అన్నారు. మీ నాన్నగారు రోజూ గట్టు దాకా వచ్చి, ఒక్క మాటైనా అనకుండా తిరిగి వెళ్లిపోతున్నారని కూడా రాశారు. ఆ సంగతి ఆఖర్న చెబుతాను.

నేను ఇప్పటికి 38 కోతలు కోశాను. వాటిలో నాలుగైదు నా తప్పు వల్లే చెడ్డాయి. మిగతావి బాగా వచ్చాయంటే అందులో నా ప్రతిభ ఎంతో, వాతావరణం దయ ఎంతో విడదీసి చెప్పలేను. అందుకే మీ మూడో ప్రశ్నకు నా దగ్గర విడిగా జవాబేమీ లేదు; మొదటి రెండింటి గురించి మాట్లాడుతుంటే మధ్యలో అదే వస్తుంది.

ముందుగా ఒక సంగతి మనసులో నాటుకోవాలి: కోత పంటను పెంచదు. గింజలోకి పిండి చేరడం ఏదో ఒక రోజున ఆగిపోతుంది, ఆ తర్వాత పొలంలో జరిగేదల్లా గింజలోని నీరు ఆరడమే. గోధుమలో గింజ తేమ 35 నుంచి 40 శాతం మధ్య ఉన్నప్పుడే ఈ దశ వచ్చేస్తుంది. కంకి కింది కాడ పచ్చదనం వదిలి గడ్డి రంగుకు తిరగడం దాని గుర్తు. మొక్కజొన్నలో గింజను వలిచి మొన దగ్గర గోటితో గీరితే సన్నని నల్లటి పొర కనిపిస్తుంది, అప్పటికి తేమ ఇంకా 30 శాతం పైనే ఉంటుంది. వరి వెన్ను కొస నుంచి మొదలుకు పండుతుంది కాబట్టి పై గింజలు బంగారు వన్నెకు వచ్చిన రోజున కూడా అడుగు గింజలు పచ్చగానే ఉంటాయి. వెన్నులో నూటికి 80 నుంచి 85 గింజలు గడ్డి రంగుకు తిరిగి, తేమ 20 నుంచి 25 శాతం మధ్య ఉన్నప్పుడు కోయడం మంచిదని పరిశోధకులు చెప్పే లెక్క, నా అనుభవంలో కూడా అదే సరిపోయింది.

పిండి చేరడం ఆగిన రోజు తర్వాత ఎన్నాళ్లు ఆగినా తూకం పెరగదు గానీ తరగడానికి మాత్రం దారులు బోలెడు. గింజ రాలుతుంది, పిట్టలు, ఎలుకలు వాటా తీసుకుంటాయి, గాలివాన వస్తే చేను పడిపోతుంది, పడిన చేను తడిస్తే గింజ కంకిలోనే మొలకెత్తుతుంది. గోధుమలో మొలక కంటికి కనిపించక ముందే గింజ లోపలి పిండి చక్కెరగా విరగడం మొదలవుతుంది, అటువంటి పిండితో రొట్టె జిగటగా వస్తుంది. మర దగ్గర ఆ సరుకును తక్కువ రకంగా కట్టేది అందుకే. వరిలో ఆలస్యం మరో రకంగా దెబ్బ కొడుతుంది. పగలు బాగా ఎండిన గింజ రాత్రి మంచును పీల్చుకుంటే లోపల సన్నని పగుళ్లు పడతాయి. పైకి గింజ నిండుగా, అందంగానే ఉంటుంది, మర ఆడించినప్పుడు మాత్రం నూకై బయటపడుతుంది.

అలాగని తొందరపడితే దాని చిక్కులు దానికి ఉన్నాయి. పచ్చి గింజ నూర్పిడిలో నలుగుతుంది, జల్లెడకు అంటుకుంటుంది, ఆరబెట్టడానికి స్థలం, రోజులు, మనుషులు కావాలి. కాబట్టి కోత రోజు అంటే ఈ రెండు నష్టాల మధ్య మీరు ఎంచుకునే రోజు. అది పంచాంగంలోనూ ఉండదు, విత్తన సంచి మీద అచ్చు వేసిన కాలపరిమితిలోనూ ఉండదు. ఆ రెండూ మీరు చేలోకి ఎప్పుడు దిగి చూడాలో చెబుతాయి, అంతే.

చూడటం ఎలాగో చెబుతాను. గట్టు మీద నిలబడి చూడవద్దు. గట్టు వెంట ఉన్న మొక్కలకు ఎండా గాలీ ఎక్కువ తగిలి ముందే పండుతాయి, అందుకే గట్టు మీది నుంచి తేల్చేవాడు ఎప్పుడూ రెండు మూడు రోజులు తొందరపడతాడు. మంచు ఆరిన తర్వాత చేలోకి ఇరవై అడుగులు దిగి, పల్లం, మెరక రెండూ వచ్చేలా ఐదు చోట్ల కంకులు తెంచండి. ఒక్కొక్క కంకిని రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపి, మెల్లగా ఊదండి. పొట్టు, తాలు ఎగిరిపోయి చేతిలో గింజలు మిగులుతాయి. గోటితో నొక్కితే గాటు పడి అలాగే ఉంటే ఇంకా పిండి దశ దాటలేదు. గాటు పడకపోతే పంటి కింద పెట్టండి: మెత్తగా అణిగి రెండుగా చీలితే ఆగాలి, టక్కుమని విరిగితే సిద్ధమైనట్టే. ఆ తర్వాతే తేమ మీటరు తీయండి. మీటరు అబద్ధం చెబుతుందని కాదు, ఐదు చోట్ల గింజలు కలిపి పోస్తే అది ఒకే అంకె చూపిస్తుంది. పల్లంలోని పచ్చి గింజ ఆ సగటులో దాక్కుంటుంది. పంటికి మాత్రం అది విడిగా తగులుతుంది.

మీటరు లేనివారికి ఒక పాత పద్ధతి ఉంది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు సీసాలో బాగా ఆరిన ఉప్పు కొంత వేసి, దానిపై గింజలు పోసి మూత బిగించి, బాగా కుదిపి, పావుగంట కదపకుండా ఉంచితే, ఉప్పు సీసా గోడకు అంటుకున్నప్పుడు తేమ 15 శాతం పైన ఉన్నట్టు, అంటకుండా రాలిపోతే దానికంటే తక్కువ ఉన్నట్టు. అంకె తెలియదు గానీ, గాదెలో పోయవచ్చా లేదా అన్న ప్రశ్నకు అది చాలు.

ఇక మీ ముసురు సంగతి. రేపు వాన అని తెలిస్తే ఈ రాత్రే కోసేద్దామనిపిస్తుంది. నేను ఆరో కోతలో అదే చేశాను. అప్పుడు నా దగ్గర ఆరబోసే చోటు సగం చేనుకే సరిపోయేది. మిగతా సగం గింజలను, తేమ 19 శాతం దగ్గర ఉండగానే, నాలుగు రోజులే కదా అని రాశిగా పోసి పైన బరకం కప్పాను. మూడో రోజు పొద్దున బరకం ఎత్తి రాశిలోకి చెయ్యి దూర్చాను. మణికట్టు దాకా చల్లగానే ఉంది. మోచేయి దాకా వెళ్లేసరికి జ్వరం వచ్చిన ఒంటిని ముట్టుకున్నట్టు వేడి, చెయ్యి బయటికి తీస్తే పులిసిన వాసన. ఆ రోజంతా పారలతో రాశిని విప్పి పలచగా పరిచాం. పై పొర మిగిలింది, నడిమి భాగం రంగు మారి పశువుల దాణాకు పోయింది. విత్తనానికని అనుకున్నది కూడా అందులోనే ఉంది.

కారణం తెలుసుకుంటే ఈ తప్పు రెండోసారి జరగదు. గింజ ప్రాణమున్న వస్తువు, అది ఊపిరి తీసుకుంటుంది. తేమ ఎక్కువ ఉన్నకొద్దీ శ్వాస ఎక్కువవుతుంది, శ్వాసలో వేడీ ఆవిరీ పుడతాయి, ఆ ఆవిరి మళ్లీ గింజను తడుపుతుంది, తడిసిన గింజ మరింత వేగంగా శ్వాసిస్తుంది. ఇంతలో బూజు అందుకుంటుంది. బరకం కప్పిన రాశిలో ఆ వేడికి బయటికి పోయే దారి ఉండదు. నిలబడి ఉన్న చేను వానకు తడిస్తే, గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే ఆరుతుంది. కోసి రాశి పోసిన గింజకు ఆ వీలు లేదు. అందుకని నా నియమం ఇది: ఆరబోసే చోటు ఎంత ఉందో అంతే కోయాలి, మిగతాది వానకు వదిలేయాలి. పడిపోయిన చేనుకు మాత్రం ఈ నియమం వర్తించదు. నేలను అంటుకున్న కంకి ఆరదు, మొలకెత్తడానికి దానికి రెండు మూడు రోజులు చాలు, కాబట్టి ఆరబోసే చోటును ముందు దానికే కేటాయించాలి.

ఆరబోయడంలో మూడు జాగ్రత్తలు చాలు. పొర మందం 2 నుంచి 4 సెంటీమీటర్లు దాటకూడదు, అరగంటకోసారి తిరగతిప్పాలి. సాయంత్రం మంచు పడకముందే పోగుచేసి కప్పాలి. తేమ 14 శాతానికి దిగితే కొన్ని నెలలు నిలవ ఉంటుంది, ఏడాది దాకా ఉంచాలంటే 13 లేదా అంతకంటే తక్కువకు దించాలి. విత్తనం విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. తేమ ఒక్క శాతం తగ్గించిన ప్రతిసారీ విత్తనం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక పేరున్న సూత్రం ఉంది.

తూకం తగ్గిందని ఆరబోతకు జంకేవారిని చూశాను. 22 శాతం తేమ ఉన్న 1,000 కిలోలలో అసలు పదార్థం 780 కిలోలు, మిగతా 220 నీరు. అదే పదార్థం 14 శాతం తేమ దగ్గర 907 కిలోలు తూగుతుంది. తగ్గిన 93 కిలోలు నీళ్లే. ఈ లెక్క జేబులో ఉంటే, పచ్చి గింజకు ఎవరైనా ధర చెప్పినప్పుడు ఎండు గింజ ధరతో పోల్చుకుని, ఆరబెట్టే ఖర్చు గిట్టుతుందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

హార్వెస్టర్ వెనుక రాలిన గింజల గురించి మీరు భయపడినంత పని లేదు, పక్క చేనువారు కొట్టిపారేసినంత తేలిక కూడా కాదు. లెక్క వేద్దాం. హెక్టారుకు 5 టన్నులు పండే చేనులో చదరపు మీటరుకు 500 గ్రాములు. అందులో 1 శాతం 5 గ్రాములు. వెయ్యి వడ్ల గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే 5 గ్రాములంటే 200 గింజలు. అంటే చదరపు మీటరులో 200 గింజలు పోగు చేసినా పోయింది నూటికి ఒకటే. గోధుమ గింజ బరువెక్కువ, వెయ్యి గింజలు 40 గ్రాముల దాకా తూగుతాయి కనుక అక్కడ 125 గింజలకే ఆ శాతం వస్తుంది. నేల మీద చూస్తే 200 గింజలు చాలా ఎక్కువగా కనిపిస్తాయి, అందుకే కంటితో తేల్చకూడదు, లెక్కపెట్టాలి.

కర్రలతో మీటరు చతురస్రం కట్టుకోండి. యంత్రం ఇంకా వెళ్లని చోట ఒకసారి పెట్టి లెక్కిస్తే, కోతకు ముందే రాలినవి ఎన్నో తెలుస్తుంది. అది యంత్రం తప్పు కాదు, మీ ఆలస్యం ఖాతాలోకి వెళ్లాలి. తర్వాత యంత్రాన్ని చేను మధ్యలో ఆపించి, కొంచెం వెనక్కి నడిపించి, అది కోసినా ఇంకా గడ్డి రాల్చని చోట లెక్కించండి. ముందు సంఖ్యకంటే ఎంత ఎక్కువ ఉంటే అంత ముందుభాగంలో రాలినట్టు, అంటే కంకులను కత్తి వైపుకు వంచే ముందు చక్రం, రీలు, మరీ జోరుగా తిరిగి కంకులను కొడుతోందని అర్థం. చివరగా గడ్డి పడిన బారు మీద లెక్కించండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. యంత్రం 4 మీటర్ల వెడల్పున కోసి, గడ్డినీ గింజనూ ఒక మీటరు వెడల్పు బారులో రాలుస్తుంటే, ఆ బారులో అదనంగా కనిపించిన గింజలను నాలుగుతో భాగించాలి. భాగించకుండా డ్రైవరు మీద కేకలు వేసిన రోజు నాకూ ఒకటుంది; ఆ సాయంత్రం లెక్క తెలిసి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

మొత్తం నష్టం 2 శాతం దాటితే నేను యంత్రం ఆపిస్తాను. మొదట వేగం తగ్గించమంటాను, ఎక్కువసార్లు మందు అదే. గింజ పగులుతుంటే నూర్చే డ్రమ్ము వేగం ఎక్కువైనట్టు, కంకిలో గింజ మిగిలిపోతుంటే తక్కువైనట్టు లేదా డ్రమ్ముకీ దాని కింది జాలీకీ మధ్య సందు ఎక్కువైనట్టు. తాలుతో పాటు నిండు గింజ ఎగిరిపోతుంటే ఫ్యాను గాలి తగ్గించాలి. ఒకసారి ఒక్కటే మార్చి మళ్లీ లెక్కించండి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మధ్యాహ్నం సర్దిన యంత్రం పొద్దువాలాక, గడ్డి మెత్తబడ్డాక, సరిపోదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఈ పనులన్నీ ఒకప్పుడు వేరువేరు మనుషులు, వేరువేరు వారాల్లో చేసినవి. కొడవలితో కోత, కళ్లంలో నూర్పిడి, గాలి చూసి తూర్పారబట్టడం. ఆ చివరి మాట ఇప్పుడు పత్రికల్లో ఎవరినైనా విమర్శించడానికే ఎక్కువగా వాడుతున్నారు. అమెరికాలో సైరస్ మెకార్మిక్ 1831లో గుర్రాలు లాగే కోతయంత్రాన్ని చూపించాడు. 1830లో ఇంగ్లండులో వ్యవసాయ కూలీలు తమ చలికాలపు పని పోతోందని నూర్పిడి యంత్రాలను విరగ్గొట్టారు. కోత, నూర్పిడి, తూర్పారబట్టడం మూడూ కలిపి చేస్తుంది కాబట్టే ఈనాటి యంత్రానికి కంబైన్ అని పేరు. చేతిపని పోయింది, నిజమే. ఏ రోజు, ఏ వేగంతో, ఎంత తేమ దగ్గర అన్న నిర్ణయం మాత్రం యంత్రంలోకి వెళ్లలేదు, అది ఇంకా మీ దగ్గరే ఉంది. నేను గర్వపడేది ఏమైనా ఉంటే ఆ నిర్ణయం గురించే.

దిగుబడి అంకె చూసి గర్వపడటానికి నాకు ఎప్పుడూ కొంచెం బెరుకే. మీ చేను మొన్నటి గాలికి పడిపోకుండా నిలబడిందంటే అందులో మీకు తెలియని వారి పని చాలా ఉంది. ఎరువు వేస్తే ఏపుగా పెరిగి బరువుకు ఒరిగిపోయే గోధుమను పొట్టి కాడ మీద నిలబెట్టిన అమెరికా శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్‌కు ఆ లక్షణం జపాను గోధుమ నోరిన్ 10 నుంచి వచ్చింది. 1970లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. 1966లో విడుదలైన ఐఆర్8 వరి కూడా ఇండోనేషియా పొడుగు రకాన్నీ తైవాను పొట్టి రకాన్నీ కలిపి చేసినదే. వాన మీది కాదు, విత్తనంలోని గుణం మీది కాదు, నేల మీ తాతలది. ఇవన్నీ తీసేశాక మిగిలేది చిన్నదే, కానీ అది పూర్తిగా మీది: కలుపు తీయించిన వారం, నీరు ఆపిన రోజు, చతురస్రం పెట్టి లెక్కించిన గింజలు, రాశిలో దూర్చిన చెయ్యి.

ప్రపంచంలో ఏటా 270 కోట్ల టన్నులకు పైగా ధాన్యాలు పండుతున్నాయి, అందులో మీ వాటా కంటికి ఆనదు. మీ స్నేహితుల కంపెనీలలో వారి వాటా కూడా అంతే, కాకపోతే వారికి ఆ లెక్క ఎవరూ చెప్పరు. వారు అడిగితే దిగుబడి చెప్పకండి. ఎంత నష్టంతో కోశారో, ఎంత తేమ దగ్గర గాదెలో పోశారో చెప్పండి. చేసేపనిని శ్రద్ధగా చేసేవాళ్లెవరైనా ఆ భాష అర్థం చేసుకుంటారు.

ఇంకో మూడు జాగ్రత్తలు చెబుతాను. గింజ కిందికి జారుతున్న గాదెలోకి గానీ డబ్బాలోకి గానీ ఎవరూ దిగకూడదు, పిల్లలు అసలు దగ్గరికే రాకూడదు. కదిలే గింజ మనిషిని కొన్ని క్షణాల్లో నడుము దాకా లాగేస్తుంది, ఆ తర్వాత చేతులతో లాగి బయటికి తీయడం దాదాపు అసాధ్యం. హార్వెస్టర్ ఇంజను చుట్టూ పేరుకున్న పొట్టును రోజూ ఊడ్పించండి, ఎండు చేలో మంటకు ఆ కాస్త పొట్టు చాలు. విత్తనానికి ఉంచుకోవాలనుకున్న మడిని యంత్రం రాకముందే గుర్తు పెట్టుకుని, కల్తీ కంకులు, అంటే వేరే రకానివి, ఏరేసి, యంత్రాన్ని ఖాళీగా కాసేపు తిప్పి శుభ్రం చేయించాకే దాన్ని కోయించండి.

ఇక మీ నాన్నగారు. ఆయన మౌనం చూసి మీరు తప్పు చేస్తున్నారని అనుకున్నట్టున్నారు. పొలం అప్పగించిన తర్వాత నోరు మెదిపితే పెత్తనం చేసినట్టుంటుందని చాలామంది పెద్దలు అలాగే గట్టు దాకా వచ్చి ఆగిపోతారు. మా అబ్బాయి చేను దగ్గర నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను. రేపు మంచు ఆరాక ఐదు చోట్ల తెంచిన కంకుల్లో ఒకటి ఆయన చేతికిచ్చి, ఇంకా ఎన్ని రోజులు ఆగుదామని అడగండి. ఆయన నలిపి, ఊది, పంటి కింద పెట్టి ఒక అంకె చెబుతారు. మీటరు ఇంకొకటి చెప్పవచ్చు. రెండింటినీ తేదీతో సహా పుస్తకంలో రాసి పెట్టుకోండి.